మీనాక్షి లాంచీలో మందుల పెట్టె

గోదావరి ఒడ్డున వెదుళ్ళరేవులో లోవరాజు అనే లాంచీ సరంగు ఉండేవాడు. చుక్కాని పట్టడంలో అతన్ని మించినవాడు ఆ రేవులో లేడు గాని, ఏ వస్తువు ఎందుకు దాచారో ఆలోచించకుండా చేతికందినదల్లా వాడేసుకునే పాడు అలవాటు ఒకటి అతనికి ఉండేది. పచ్చడి జాడీకి భార్య కట్టిన గుడ్డ విప్పి మొహం తుడుచుకునేవాడు. కుట్టుమిషను నూనె తీసుకెళ్ళి తలుపు బందులకు పోసేవాడు. ఎవరైనా అడిగితే, "మళ్ళీ పెట్టేద్దాంలే" అనేవాడు. మనిషి దొంగ కాదు, పిసినారి అంతకన్నా కాదు. పెట్టేద్దామనే అనుకునేవాడు, పెట్టడం మరిచిపోయేవాడు, అంతే.

అతను నడిపే లాంచీ పేరు మీనాక్షి. పెళ్ళిళ్ళకీ, మొక్కుబళ్ళకీ, విహారాలకీ జనం ఆ లాంచీని మొత్తంగా మాట్లాడుకునేవారు. నలభైమంది హాయిగా కూర్చోవచ్చు. రేవు దాటి మూడు గంటలు ఎదురెక్కితే కొండల మధ్యకు పోతుంది. అక్కడ రెండు వైపులా అడవే. రోడ్డు లేదు, ఫోను పలకదు, మాత్ర ఇచ్చే దిక్కు కూడా లేదు. అందుకే కిరాయికి తిరిగే ప్రతి లాంచీలోనూ ఒక మందుల పెట్టె ఉండాలని రేవులో కట్టుబాటు ఉండేది.

ఆ పెట్టెలు నింపే పని రాహేలమ్మ చూసేది. ఆవిడ ముప్పైయేళ్ళు ఆసుపత్రిలో నర్సుగా చేసి, ఉద్యోగం అయిపోయాక రేవు దగ్గరే ఇల్లు కట్టుకుని ఉంటోంది. పెట్టె సర్దడంలో ఆవిడకో పద్ధతి ఉండేది. కంగారులో మనిషి చెయ్యి పైనున్న వస్తువు మీదకే పోతుంది కాబట్టి, ముందు కావలసినవి పైన పెట్టేది. రబ్బరు తొడుగులు, గాయం మీద అదమడానికి మందపాటి గుడ్డ మడతలు, వెడల్పు బ్యాండేజీ చుట్టలు, దూది, కత్తెర అన్నిటికన్నా పైన ఉండేవి. వాటి కింద కాలినచోట రాసే మందు, ఓఆర్ఎస్ పొట్లాలు, జ్వరం మాత్రలు. సామానంతా సర్దాక, స్వయంగా పెద్ద అక్షరాలతో రాసిన ఒక కాగితాన్ని మూత లోపలివైపు నాలుగు మూలలా ప్లాస్టరు ముక్కలతో అంటించేది.

మీనాక్షి లాంచీకి పెట్టె ఇచ్చిన రోజున ఆవిడ లోవరాజును పక్కన కూర్చోబెట్టుకుని ఆ కాగితం చదివించింది. అతను సగం చదివి, సగం నది వైపు చూశాడు. "రక్తం బాగా కారుతుంటే శుభ్రమైన గుడ్డ మడతపెట్టి గాయం మీద గట్టిగా అదిమిపట్టాలి. చెయ్యి గాని కాలు గాని ఎత్తి ఉంచాలి. తాడు బిగించకూడదు" అని అందులో రాసి ఉంది. చివరి మాటలు మిగతావాటికన్నా లావుగా రాసి, కింద గీత కూడా గీసింది. అర్థమైందా అని ఆవిడ అడిగితే, "ఆయ్, ఇదేమన్నా బ్రహ్మవిద్యాండీ నర్సమ్మగారూ" అని నవ్వి, పెట్టె పట్టుకుపోయి చుక్కాని గదిలో మేకుకు తగిలించాడు.

అదిగో, అప్పుడు మొదలైంది తంతు.

లాంచీ కట్టు విప్పే ముందు ముక్కు దగ్గర గంగమ్మకు దీపం పెట్టడం ఆ రేవు సరంగుల ఆచారం. దీపం పెట్టకుండా ఎవరూ మోకు విప్పరు. కార్తీకమాసంలో ఒకనాడు వత్తులు అయిపోయాయి. కొట్టుకు వెళ్ళి రావాలంటే గట్టెక్కాలి. లోవరాజు పెట్టె తెరిచి కాస్త దూది తీసి వత్తి చేశాడు. అమ్మవారికేగా, పాపం ఏముంది అనుకున్నాడు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. నెల తిరిగేసరికి దూది మొత్తం గంగమ్మ దీపాలకు అయిపోయింది.

తరవాత కత్తెర వంటగదికి పోయింది. లాంచీలో వంట చేసే సూర్యావతి పాల ప్యాకెట్లు కోయడానికి అడిగితే, తీసుకోమన్నాడు. ఎండగా ఉన్న రోజుల్లో ఓఆర్ఎస్ పొట్లాలు ఒక్కొక్కటే నీళ్ళలో కలిపి తనే తాగాడు. మాఘంలో డీజిలు గొట్టం కారుతుంటే బ్యాండేజీ చుట్టలు రెండూ తీసి దాని చుట్టూ బిగించి కట్టాడు. కారడం ఆగింది. మందుల గుడ్డ భలే పట్టు పట్టిందని పక్క లాంచీ వాళ్ళకు కూడా చూపించాడు. గుడ్డ మడతలు ఇంజను తుడవడానికి పనికొచ్చాయి. రబ్బరు తొడుగులు వేసుకుని గ్రీజు పూశాడు.

ఇంతవరకు అలవాటు అనుకుందాం. ఇక్కడో చిన్న తెలివి కూడా చూపించాడు మన సరంగు. వాడేసిన ప్రతి వస్తువు కవరునూ, డబ్బానూ జాగ్రత్తగా మళ్ళీ పెట్టెలో యథాస్థానంలో పెట్టాడు. తెరిచి చూస్తే పెట్టె నిండుగానే కనబడేది.

చైత్రం చివర, పెళ్ళిళ్ళ రోజులు దగ్గరపడుతుంటే రాహేలమ్మ రేవులోకి వచ్చింది. ప్రతి లాంచీ ఎక్కి, ఏమైనా తగ్గాయా అని అడుగుతూ మీనాక్షి దగ్గరకూ వచ్చింది. తగ్గాయని చెబితే ఆవిడ కోప్పడదు, ఇంటికి వెళ్ళి కొత్తవి తెచ్చి ఇస్తుంది. ఆ సంగతి లోవరాజుకు తెలుసు. కాని దేనికి వాడావని అడిగితే ఏం చెప్పాలి? దూది దీపాలకు, బ్యాండేజీ డీజిలు గొట్టానికి అని ఆ పెద్దావిడ మొహం చూసి చెప్పడానికి సిగ్గేసింది. మూత తెరిచి నిలబడ్డాడు. కవర్లన్నీ బుద్ధిగా వరసలో ఉన్నాయి.

"అన్నీ ఉన్నట్టేనా నాయనా?" అని అడిగింది ఆవిడ.

"ఉన్నాయండి, అన్నీ ఉన్నాయి" అన్నాడు లోవరాజు.

ఆవిడ అతని మాట నమ్మింది. చెయ్యి పెట్టి చూడలేదు. సరుకు కావాలంటే మొహమాటపడకుండా అడగమని చెప్పి పక్క లాంచీకి వెళ్ళిపోయింది. గండం గడిచిందనుకుని లోవరాజు మూత వేశాడు.

వైశాఖంలో ఒక పెళ్ళివారు మీనాక్షిని మాట్లాడుకున్నారు. ఆడపిల్లవారు కొండల అవతలున్న మగపెళ్ళివారి ఊరికి తరలివెళ్ళాలి. సాయంత్రం ముహూర్తం. పొద్దున్నే బయల్దేరదామంటే ఇంజనులో ఆయిలు తక్కువైంది. ఆయిలు పోసే గరాటు ఎక్కడ పెట్టాడో లోవరాజుకు గుర్తు రాలేదు. అటూ ఇటూ చూశాడు. పెట్టె తెరిచి, మూతకు అంటించిన కాగితం పీకి, గరాటులా చుట్టి ఆయిలు పోసేశాడు. మూలల్లో ప్లాస్టరు ముక్కలు నాలుగూ అలాగే ఉండిపోయాయి.

పెళ్ళివారితో సన్నాయి భద్రయ్య వచ్చాడు. అరవై దగ్గరపడ్డ మనిషి. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో భద్రయ్య సన్నాయి వినకుండా పెళ్ళిపీట ఎక్కినవాళ్ళు తక్కువ. లోవరాజు పెళ్ళికి కూడా ఆయనే వాయించాడు. డోలు వాయించే తమ్ముడితో లాంచీ ఎక్కుతూనే, తాళి కట్టేటప్పుడు నీ చేతులు ఎలా వణికాయో నాకింకా గుర్తుందిరా అని లోవరాజును ఆటపట్టించాడు. దీపం వెలిగింది, మోకు విప్పారు. భద్రయ్య ముక్కు దగ్గర కూర్చుని సన్నాయి అందుకున్నాడు. రేవులో బట్టలుతికేవాళ్ళు కూడా ఒక్క క్షణం చెయ్యి ఆపి విన్నారు. లోవరాజు చుక్కాని పట్టుకుని, ఈ ముసలాయన వేళ్ళలో ఏదో ఉంది అనుకున్నాడు.

మూడు గంటల ప్రయాణం అయ్యాక, కొండ కింద ఒక రాతి ఒడ్డున లాంచీ ఆపారు. పెళ్ళికూతురు చేత అక్కడి గంగమ్మ రాయికి పసుపు కుంకుమ పెట్టించడం ఆనవాయితీ. అది అయింది. అందరూ మళ్ళీ ఎక్కారు. భద్రయ్య లాంచీ అంచున ఇనుప గుంజ మీద కుడిచెయ్యి ఆనించి నిలబడి, తమ్ముడితో ఏదో చెబుతున్నాడు. ఒడ్డున బండకు చుట్టిన మోకు పూర్తిగా జారకముందే లాంచీ ప్రవాహంలోకి తిరిగింది. మోకు ఒక్కసారి బిగిసింది. గుంజకూ మోకుకూ మధ్య ఆయన చెయ్యి నలిగింది.

ఇంజను ఆపి లోవరాజు పరుగెత్తుకొచ్చేసరికి అరచెయ్యి అడ్డంగా చీలి ఎముక కనబడుతోంది. రక్తం బల్లల మీద ధారగా పోతోంది. భద్రయ్య అరవలేదు. చెయ్యి చూసుకుంటూ కూలబడిపోయాడు. పెళ్ళికూతురి తండ్రి చుక్కాని గదిలోకి వెళ్ళి మందుల పెట్టె దింపుకొచ్చాడు. గబగబా మూత తీసి బ్యాండేజీ కవరు పట్టుకున్నాడు. అది చేతిలో అణిగిపోయింది. దూది కవరు తీశాడు. దాని పక్కది తీశాడు. పెట్టెను బోర్లించి విదిలించాడు. ఖాళీ కవర్లు రక్తం మీద రాలాయి, చివర కాలినచోట రాసే మందూ, నాలుగు జ్వరం మాత్రలూ పడ్డాయి.

"ఇందులో ఏమీ లేదేమిటయ్యా సరంగూ" అన్నాడాయన. కేకలు వెయ్యలేదు. నమ్మలేనట్టు అన్నాడు.

నలభైమందీ లోవరాజు వైపు చూశారు. ఏం చెయ్యాలో ఆ కాగితంలో ఉందని అతనికి గుర్తొచ్చింది. మూత వైపు చూశాడు. నాలుగు మూలలా నాలుగు ప్లాస్టరు ముక్కలున్నాయి, మధ్యలో తెల్లటి రేకు ఉంది. కళ్ళు మూసుకుని గుర్తుతెచ్చుకోబోయాడు. తాడు అనే మాట లావుగా రాసి ఉండడం, కింద గీత ఉండడం కళ్ళకు కట్టినట్టు కనబడింది. తాడు కట్టమందో, వద్దందో ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. అంత లావుగా రాసిందంటే ముందు చెయ్యాల్సింది అదేనేమో అనుకున్నాడు. పరదా కట్టిన సన్నటి నైలాను తాడు కోసి తెచ్చి, భద్రయ్య మణికట్టు పైన రెండు చుట్లు చుట్టి, బలంకొద్దీ బిగించి ముడి వేశాడు.

రక్తం ఆగింది. జనం ఊపిరి పీల్చుకున్నారు. బతికించావయ్యా అని ఎవరో అతని భుజం తట్టారు. లోవరాజు కూడా అలాగే అనుకున్నాడు. ముందుకు పోతే వైద్యుడు లేడు, అందుకే లాంచీని వెనక్కి తిప్పాడు.

వేసవి నది, నీళ్ళు తక్కువ. ఇసుక మేటల మధ్య దారి వెతుక్కుంటూ పోవాలి. తొందరపడితే లాంచీ ఇసుకలో కూరుకుపోతుంది. వెళ్ళిన మూడు గంటలూ వచ్చేటప్పుడూ పట్టాయి. భద్రయ్య తమ్ముడి ఒళ్ళో తల పెట్టుకుని పడుకున్నాడు. పక్కన గుడ్డ సంచిలో సన్నాయి ఉంది. పెళ్ళికూతురు ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని విసనకర్రతో విసురుతోంది. ఆ పిల్ల కళ్ళ కాటుక చెంపలదాకా వచ్చింది.

సగం దారిలో భద్రయ్య కళ్ళు తెరిచి లోవరాజును పిలిచాడు. చుక్కాని వదిలి వచ్చే వీలు లేక లోవరాజు అక్కడి నుంచే ఏమిటి బాబాయ్ అన్నాడు.

"వేళ్ళు తెలియడం లేదురా లోవా. కాస్త వదులు చెయ్యరా."

"విప్పితే మళ్ళీ రక్తం పోతుంది బాబాయ్. ఇంకెంత, వచ్చేశాం" అన్నాడు లోవరాజు.

రేవు ఇంకా అరగంట ఉందనగా ఫోను పలికింది, రాహేలమ్మకు కబురు చెప్పారు. వాళ్ళు గట్టుకు చేరేసరికి రాహేలమ్మ కారు పిలిపించి ఎదురు చూస్తోంది. ఆవిడ లాంచీ ఎక్కి చెయ్యి చూసింది. తాడు కింద చెయ్యి నల్లగా, చల్లగా ఉంది. ఎంతసేపయింది కట్టి అని అడిగింది. మూడు గంటలు దాటిందని లోవరాజు చెప్పాడు. భద్రయ్యను కార్లో పడుకోబెట్టుకుని పట్నం తీసుకెళ్ళింది. అది ఇంకో గంటన్నర దారి.

డాక్టర్లు ప్రాణం కాపాడారు గాని చెయ్యి కాపాడలేకపోయారు. చెయ్యి నలిగినందుకు కాదు, ఇంతసేపు రక్తం అందనందుకు చచ్చుబడిపోయిందన్నారు. మణికట్టు పైదాకా తీసేశారు. ఆ సాయంత్రం ముహూర్తం దాటిపోయింది. మర్నాడు ఇంకో ముహూర్తానికి పెళ్ళి జరిగింది, సన్నాయి లేకుండా.

రెండు రోజుల తరవాత రాహేలమ్మ మీనాక్షి లాంచీకి వచ్చింది. లోవరాజు లేచి నిలబడ్డాడు. ఆవిడ పెట్టె అడగలేదు. సరాసరి ఇంజను దగ్గరకు వెళ్ళింది. డీజిలు గొట్టం చుట్టూ నల్లగా జిడ్డుకారుతున్న బ్యాండేజీని చూసింది. మూలన పడి ఉన్న కాగితం గరాటు తీసి, మడతలు విప్పి, లోవరాజు చేతిలో పెట్టింది.

"చదువు" అంది.

నూనెలో నాని అక్షరాలు అలుక్కుపోయాయి గాని లావుగా రాసిన మాటలు మాత్రం తెలుస్తున్నాయి. లోవరాజు చదివాడు. చివరి మాట రెండుసార్లు చదివాడు.

"పెట్టెలో గుడ్డ లేకపోతే పోనీ నాయనా" అంది రాహేలమ్మ. "పెళ్ళివారి పెట్టెల్లో ఉతికిన పంచెలు ఎన్ని ఉంటాయి? ఒక్క పంచె మడతపెట్టి అదిమిపట్టుకుని కూర్చుంటే ఆ చెయ్యి ఇవాళ ఉండేది. ఆ మాట నీకు చెప్పడానికే కదా నేను ఈ కాగితం రాసింది. నేనూ చెయ్యి పెట్టి చూసుకోవాల్సింది. నీ నోటిమాట నమ్మాను."

ఆవిడ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది లోవరాజుకు.

నెల గడిచాక ధైర్యం కూడదీసుకుని భద్రయ్య ఇంటికి వెళ్ళాడు. ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. గోడకు సన్నాయి సంచి వేలాడుతోంది. సన్నాయికి రెండు చేతులూ కావాలి. పది వేళ్ళతో పలికేది ఐదు వేళ్ళతో పలకదు. లోవరాజు కాళ్ళ మీద పడ్డాడు. దాచకుండా అన్నీ చెప్పాడు. భద్రయ్య అంతా విని ఒక్కటే అడిగాడు, ఆ దూది ఏం చేశావురా అని.

"గంగమ్మకు దీపాలు పెట్టాను బాబాయ్."

భద్రయ్య మొండిచేతిని ఎడమచేత్తో నిమురుకున్నాడు.

"దీపాలతో పాటు నా చెయ్యి కూడా ఆవిడకే ఇచ్చేశావురా" అన్నాడు. "ఆవిడ అడగలేదు. నువ్వే ఇచ్చావు."

లోవరాజు ఏడ్చాడు. భద్రయ్య ఊరుకోమనలేదు, పొమ్మనీ అనలేదు. కాసేపటికి లేచి లోపలికి వెళ్ళిపోయాడు.

రాహేలమ్మ పెట్టె మళ్ళీ నింపి, కాగితం కొత్తగా రాసి అంటించి ఇచ్చింది. ఆ తరవాత లోవరాజు రోజూ పొద్దున్నే, దీపం కన్నా ముందు పెట్టె తెరిచేవాడు. ప్రతి కవరూ చేత్తో నొక్కి చూసి, కాగితం మొదటి మాట నుంచి చివరిదాకా పైకి చదివి, అప్పుడు వత్తి వెలిగించేవాడు. వత్తుల పొట్లం ఇంటి నుంచి తెచ్చుకునేవాడు. పెళ్ళివారు ఇంకా మీనాక్షి ఎక్కుతూనే ఉన్నారు. మోకు విప్పే వేళకు ఎవరో ఒకరు ఫోనులో సన్నాయి పాట పెడతారు. అది వినబడగానే లోవరాజు మొహం నది వైపు తిప్పుకుంటాడు. నిండిన పెట్టె ఎన్నిసార్లు తెరిచి చూసుకున్నా, పోయిన చెయ్యి అందులో దొరకదు కదా.

నీతి: ఆపద కోసం దాచినదాన్ని మామూలు రోజున వాడుకోకూడదు, వాడుకుంటే ఆ రోజే తిరిగి నింపాలి, లేనిదాన్ని ఉందని చెప్పిన అబద్ధానికి శిక్ష ఏ పాపమూ ఎరగని మనిషి మీద పడుతుంది.